పుట్టిన తేదీ లేని పిల్లలు

(సాలూరులో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన అంశం 'మైనారిటీ యువతకు చట్టపరమైన రక్షణలు'. నిర్వాహకుల అనుమతితో ఆ అంశాన్ని కొంచెం పక్కకు జరుపుతున్నాను. మన వీధుల పిల్లల గురించి కాక, ఈ మస్జిదు మెట్ల మీద నిలబడితే కనిపించే ఆ కొండల పిల్లల గురించి మాట్లాడబోతున్నాను. పెద్దల జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ బాలుర గురించి. ముస్లింల సభలో ఈ ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. దానికి సమాధానం చెబుతాను. ముందుగా నేను చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోనివ్వండి.

నేను ముప్పై ఆరు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేశాను. లంచం ముట్టలేదు. ఆ సంతృప్తితోనే పదవీ విరమణ చేశాను. కాని చేతికి మట్టి అంటకుండానే మనిషి మరొకరికి గోతిని తవ్వగలడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2009లో, వేసవి ఎండ ముదిరిన రోజుల్లో, కొండమీది గ్రామం నుండి ఒక తండ్రి నా బల్ల దగ్గరకు వచ్చాడు. కువి మాట్లాడే మనిషి. తెలుగు అంతంతమాత్రం. కుమారుడిని బడిలో చేర్చాలి, పుట్టిన తేదీ కాగితం కావాలి అన్నాడు. తేదీ ఎప్పుడని అడిగాను. "తారీకు తెలీదు బాబూ. కందులు కోసినప్పుడు పుట్టినాడు" అన్నాడు. ఏ సంవత్సరం కందులని అడిగాను. పక్క ఊరికి బోరింగు వేసిన మరుసటి ఏడు అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వాను కూడా.

చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. దానికి ముందు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ కావాలి, అఫిడవిట్ కావాలి, సాక్షులు కావాలి. ఇవన్నీ అతనికి చెప్పాను. చెప్పడం నా విధి, చేయించడం నా విధి కాదు అనుకున్నాను. అతడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువైంది. నాలుగోసారి రాలేదు. ఆ రోజుల్లో ఒక కొండగ్రామం నుండి సాలూరు రావడమంటే కొంత దూరం నడక, కొంత దూరం జీపు, ఒక రోజు కూలి నష్టం. అతడు రాకపోవడం నేను గమనించను కూడా లేదు. బల్ల మీద ఒక దస్త్రం తగ్గింది, అంతే.

ఇప్పుడు పదమూడు సంవత్సరాలు దాటి 2022కు రండి. ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. మే నెలలో మన వీధి కుర్రవాడు ఒకడు పట్టుబడ్డాడు. పేరు చెప్పను. చెప్పడానికి బాల నేరవిచారణ చట్టమే ఒప్పుకోదు. వాడు లారీ క్లీనరు. మన సాలూరు లారీల ఊరు. మన పిల్లల్లో చదువు ఆగిన ప్రతివాడూ మొదట ఎక్కేది లారీయే. కోరాపుట్, సుంకి మీదుగా ఘాటీ దిగి మన ఊరి గుండా విజయనగరం పోయే ఆ 26వ నంబరు జాతీయ రహదారి మీద తనిఖీలో, లోడు కింద గంజాయి మూటలు దొరికాయి. డ్రైవరు పారిపోయాడు. క్లీనరు దొరికాడు. వాడికి పదిహేడేళ్లు. తల్లి రాత్రంతా మస్జిదు గేటు దగ్గర కూర్చుని ఏడ్చింది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కాని వాడు ఆసుపత్రిలో పుట్టాడు. మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఇంట్లో ఉంది. మరునాడే దానిని చూపించాము. వాడిని జైలుకు పంపకుండా బాల నేరవిచారణ మండలి ముందు హాజరుపరిచారు. సుమారు మూడు వారాల్లో బెయిలు మీద ఇంటికి వచ్చాడు. అల్‌హమ్దులిల్లాహ్.

వాడి రెండో వాయిదాకు తోడు వెళ్లినప్పుడు కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "తమరు ఆ ఆఫీసులో బాబు కదా" అన్నాడు. నేను పోల్చుకోలేదు. అతడు పోల్చుకున్నాడు. తన కుమారుడూ గంజాయి కేసులోనే ఉన్నాడని చెప్పాడు. అదే మే నెల, 12వ తేదీన, ఒడిశా వైపు నుండి రోడ్డు వరకు ఒక మూట మోసి తెచ్చినందుకు రెండువేల రూపాయలు ఇస్తామన్నారట. దారిలో పట్టుకున్నారు. రిమాండు రిపోర్టులో వయస్సు పందొమ్మిది అని రాశారు. ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదు, చూసి రాశారు అన్నాడు. కుర్రవాడు ఆ నాటికి మూడు నెలలుగా పెద్దల జైలులో ఉన్నాడు.

కందులు కోసినప్పుడు పుట్టిన పిల్లవాడు వాడే.

సోదరులారా, ఒకే నెల, ఒకే చట్టం, ఒకే రకమైన నేరారోపణ, ఇంచుమించు ఒకే వయస్సు. ఒక బాలుడు మూడు వారాల్లో తల్లి దగ్గరకు చేరాడు. మరొకడు పద్నాలుగు నెలలు పెద్దల మధ్య జైలులో గడిపాడు. వాళ్ల మధ్య ఉన్న తేడా గుణంలో కాదు, ఒక కాగితంలో ఉంది. ఆ కాగితం నా బల్ల దగ్గర ఆగిపోయింది.

ఆ తరువాత జరిగినది క్లుప్తంగా చెబుతాను. వయస్సు నిర్ధారణకు చట్టంలోని 94వ సెక్షను ఒక వరుస చెబుతుంది. మొదట పాఠశాల ఇచ్చిన జనన తేదీ పత్రం లేదా మెట్రిక్యులేషను సర్టిఫికెట్ చూడాలి. అవి లేకపోతే మునిసిపాలిటీ గాని పంచాయతీ గాని ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఈ కుర్రవాడు ఆరో తరగతిలో బడి మానేశాడు. అంటే ఎక్కడో ఒక ప్రవేశ రిజిస్టరు ఉండి తీరాలి. దానిని వెదికి పట్టడానికి నెలలు పట్టింది. ఒక ఉపాధ్యాయుడు బదిలీ అయ్యాడు, మరొకరు బీరువా తాళం తన దగ్గర లేదన్నారు. చివరికి అంచులు చెదలు తిన్న రిజిస్టరులో ఆ పేరు దొరికింది. జనన తేదీ 1-6-2004.

ఆ పేజీలో నలుగురు పిల్లలకు అదే తేదీ ఉంది. కొండ బడుల రిజిస్టర్లు చూసినవారికి ఇది కొత్త కాదు. ఒకటో తరగతిలో చేర్చాలంటే జూను నాటికి అయిదేళ్లు నిండాలి కనుక, తేదీ లేని పిల్లలందరికీ మాస్టారు జూను ఒకటినే పుట్టినరోజుగా ప్రసాదించారు. ఆయన మంచి ఉద్దేశంతోనే రాశారు. కాని లెక్క చూడండి. తండ్రి చెప్పిన కంది కోతల ప్రకారం వాడు పుట్టినది 2005 ఆరంభంలో. పట్టుబడిన నాటికి పదిహేడేళ్లు దాటి మూడు నాలుగు నెలలు. రిజిస్టరు ప్రకారం పదిహేడేళ్ల పదకొండు నెలలు. పద్దెనిమిదికి ఇరవై రోజులు తక్కువ. ఆ ఇరవై రోజులే వాడిని కాపాడాయి. మాస్టారు ఇంకొక ఏడాది వెనక్కి జరిపి రాసి ఉంటే, ఈ రోజుకూ వాడు చట్టం దృష్టిలో పెద్దవాడే.

2023 వర్షాకాలంలో వాడు బయటకు వచ్చాడు. ఆ సరికి తండ్రి రెండు ఎడ్లను అమ్మాడు, జీడితోటను తాకట్టు పెట్టాడు. కుర్రవాడు హిందీ మాట్లాడుతున్నాడు. గంజాయి ఏ నగరంలో ఏ ధర పలుకుతుందో, ఏ దారిలో తనిఖీ తక్కువో వాడికి తెలుసు. మూట మోసిన రోజున వాడికి అందులో ఏముందో కూడా సరిగా తెలియదు. ఈ విద్య అంతా మన పన్నుల డబ్బుతో మనమే నేర్పించాము.

చట్టం లేక ఇలా జరుగుతోందని అనుకోకండి. 2015 నాటి బాల నేరవిచారణ చట్టం 2016 జనవరి 15 నుండి అమలులో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని ఎవరినీ పోలీసు లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదని 10వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. ఇరవై నాలుగు గంటల్లో మండలి ముందు హాజరుపరచాలి. 12వ సెక్షను ప్రకారం నేరం బెయిలుకు తగినదైనా కాకపోయినా బిడ్డను బెయిలు మీద విడుదల చేయడమే నియమం. బిడ్డకే ప్రమాదం కలిగేటట్లయితేనో, న్యాయానికి భంగం కలిగేటట్లయితేనో మాత్రమే నిరాకరించాలి, కారణాలు రాయాలి. మరే ఇతర చట్టంలో ఏమున్నా సరే ఈ నియమం వర్తిస్తుందని ఆ సెక్షను మొదటి వాక్యమే చెబుతోంది. మాదకద్రవ్యాల చట్టంలో బెయిలు దొరకదు కదా అని మన వకీళ్లు కొందరు చేతులెత్తేస్తారు. వారు ఆ మొదటి పంక్తిని మరొకసారి చదవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది 9వ సెక్షను. నేరం జరిగిన నాటికి తాను మైనరునని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తీర్పు అంతిమమైన తరువాత కూడా చెప్పుకోవచ్చు.

ఆ సెక్షను ఎంత విలువైనదో రెండు తీర్పులు చెబుతాయి. రాజస్థాన్ బాలుడు నిరానారామ్ చేతన్‌రామ్ చౌదరి ఒక హత్యకేసులో ఉరిశిక్ష పడి ఇరవై ఎనిమిదేళ్లు జైలులో ఉన్నాడు. నేరం జరిగిన నాటికి అతని వయస్సు పన్నెండు సంవత్సరాలని గ్రామ పాఠశాల పత్రం ఆధారంగా తేల్చి సుప్రీంకోర్టు 2023 మార్చిలో విడుదల చేసింది. ఓంప్రకాశ్ అనే మరొకరు 1994 నాటి కేసులో పాతికేళ్లు జైలులో గడిపారు. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లేనని 2025 జనవరిలో అదే కోర్టు తేల్చింది. ఆయన కింది కోర్టు నుండీ ఆ మాట చెబుతూనే ఉన్నారు. ఉరికొయ్య వరకు వెళ్లిన కేసులోనే పసివాడి వయస్సు ఎవరికీ పట్టకపోతే, గంజాయి మూట మోసిన కొండకుర్రవాడి వయస్సు రిమాండు రోజున ఎవరికి పడుతుంది?

ఇవి ఒకటి రెండు ఉదంతాలే అనుకోవడానికి వీలులేదు. ఐప్రోబోనో అనే న్యాయసహాయ సంస్థ సమాచార హక్కు చట్టం కింద దేశంలోని జైళ్లను అడిగి 2024లో ఒక నివేదిక ప్రకటించింది. 2016 నుండి 2021 చివరి వరకు ఆరేళ్లలో కనీసం 9,681 మంది పిల్లలు పెద్దల జైళ్లలో ఉన్నట్లు అందులో తేలింది. అన్ని జైళ్లూ సమాధానం ఇవ్వలేదు కనుక ఇది కనీసపు లెక్క మాత్రమే. జైళ్లలో ఉన్న మైనర్లను గుర్తించడానికి జాతీయ న్యాయసేవల సంస్థ 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో దేశవ్యాప్తంగా ఒక కార్యక్రమం నడిపింది. సమస్య లేకపోతే ఆ కార్యక్రమం ఎందుకు?

ఇక గంజాయి సంగతి. ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గంజాయి మన పిల్లల్ని నాశనం చేస్తోంది, ఆ వ్యాపారాన్ని అణచవలసిందే. 2021 చివర 'ఆపరేషన్ పరివర్తన' పేరిట విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2024లో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టారు. మంచిదే. కాని పట్టుబడేది ఎవరు? పెట్టుబడి పెట్టినవాడు కాదు, లారీ మాట్లాడినవాడు కాదు, నగరంలో సరుకు దించుకున్నవాడు కాదు. కొండ దాటించినవాడు, లారీ తుడిచినవాడు. చట్టంలో గంజాయి ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్లు. కనీస శిక్ష ఏడేళ్లు గాని అంతకు మించి గాని ఉంటే, బాల నేరవిచారణ చట్టం దృష్టిలో అది ఘోర నేరం. ఘోర నేరమైతే, పదహారేళ్లు నిండిన బిడ్డను పెద్దవాడిగా విచారించవచ్చా అని మండలి ప్రాథమిక అంచనా వేస్తుంది. అంటే, మూట బరువు పంతొమ్మిది కిలోలా ఇరవై ఒకటా అన్నదాని మీద ఆ బిడ్డ పిల్లవాడా పెద్దవాడా అన్నది ఆధారపడుతుంది! మూట బరువు వాడు నిర్ణయించలేదు. తూచినవాడు వేరు, మూట కట్టినవాడు వేరు.

ఆ ప్రాథమిక అంచనాలో బిడ్డ మానసిక సామర్థ్యాన్ని, తన పని పర్యవసానాన్ని గ్రహించే శక్తిని చూడాలట. కువి మాట్లాడే బిడ్డను తెలుగులో ప్రశ్నించి ఆ శక్తిని ఎలా కొలుస్తారు? మన కుర్రవాడికే, 'నీకు న్యాయవాది కావాలా' అని అడిగినప్పుడు ఆ మాట అర్థం కాక తల ఊపాడు. వద్దన్నాడని రాసుకున్నారు.

ఇప్పుడు మీ మనస్సులోని ప్రశ్నకు వస్తాను. మన పిల్లల గొడవ మనకు చాలదా? జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు నూటికి 14.2 మంది. విచారణ ఖైదీలలో మనవారు ఐదోవంతుకు దగ్గర. షెడ్యూల్డు తెగలు జనాభాలో 8.6 శాతం, విచారణ ఖైదీలలో సుమారు పదోవంతు. మన వాటాకు మించి మనకు దక్కిన ప్రభుత్వ వసతి ఇదొక్కటే. అందులో మన పక్క గది వారిది.

మక్కా మస్జిదును మనం మరువగలమా? 2007 మే 18న జుమా రోజున పేలుడు జరిగింది. నమాజుకు వచ్చినవారు మరణించారు. ఆ తరువాత హైదరాబాదులో పట్టుకుపోయినది కూడా మన యువకులనే. వారిని హింసించిన తీరును మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ తన నివేదికలో నమోదు చేశారు. వారు నిర్దోషులుగా తేలారు. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది, మంచి ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చింది. అంటే వారికి కూడా చివరికి ఒక కాగితమే దిక్కయింది. ఆనాడు వారి కోసం నిలబడినవారిలో ముస్లిమేతరులు ఎందరో ఉన్నారు. మన వంతు వచ్చినప్పుడు మనం 'ఇది మన గొడవ కాదు' అందామా?

అంతకు ముందటి సంగతి మరొకటి. 1979లో బీహారు జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్నవారి కోసం సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఈ దేశపు ఖైదీల హక్కులకు తలుపు తెరిచింది. ఆ కేసుకు ఒక ఖైదీ పేరే స్థిరపడింది. హుస్సైనారా ఖాతూన్. ఒక పేద ముస్లిం స్త్రీ పేరిట వచ్చిన ఆ తీర్పు వల్ల అన్ని మతాల, అన్ని తెగల ఖైదీలు వేల సంఖ్యలో విడుదలయ్యారు.

కొందరు పెద్దలు నాతో అన్నారు: "భాయీ, ఆ తెగలలో నేరం అలవాటు." ఈ మాట తెల్లదొరలు మనకు నేర్పిన పాఠం. 1871లో వారు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దానిని మద్రాసు రాజధానికీ విస్తరించారు. పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టే చట్టం అది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలసిన సెటిల్మెంటే. ఎరుకల కుటుంబాలను అక్కడ హాజరు పట్టీలో బంధించారు. తల్లిదండ్రుల నుండి పిల్లలను వేరు చేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. పోలీసు డైరీలలో మాత్రం దాని నీడ పోలేదు. జైలు నియమావళులలో ఆ తెగల పట్ల ఉన్న వివక్షను కొట్టివేయడానికి సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3 వరకు ఆగవలసి వచ్చింది.

ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. ఆస్ట్రేలియా ఖండపు మూలవాసులను తలచుకోండి. అక్కడ కూడా తల్లుల ఒడి నుండి పిల్లలను ప్రభుత్వమే లాక్కుపోయింది. దానికి ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. కాని క్షమాపణ చెప్పిన దేశంలోనే మూలవాసులు జనాభాలో నూటికి నలుగురైనా లేరు, నిర్బంధంలో ఉన్న బాలురలో మాత్రం సగానికి మించి వారే. 2016 జులైలో అక్కడి టెలివిజన్ ఒక దృశ్యం చూపింది. డార్విన్ నగరంలోని డాన్ డేల్ బాలల నిర్బంధ కేంద్రంలో పిల్లలపై జరిగిన హింస అది. ఒక బాలుడిని ముఖానికి ముసుగు తొడిగి కుర్చీకి కట్టివేసిన చిత్రం ప్రపంచమంతా చూసింది. రాయల్ కమిషన్ వేశారు. 2017 నవంబరులో ఆ కేంద్రాన్ని మూసివేయాలని కమిషన్ చెప్పింది. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి అది నడిచింది. 2023లో పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెద్దల జైలులోని ఒక విభాగంలో ఉంచిన పదహారేళ్ల మూలవాసీ బాలుడు ప్రాణం కోల్పోయాడు.

అక్కడి తల్లులు, అమ్మమ్మలు, వైద్యులు, న్యాయవాదులు కలిసి సాగిస్తున్న ఉద్యమం చాలా సాదా కోరికతో మొదలైంది: పదేళ్ల బిడ్డను నేరస్థుడని పిలవకండి, ఆ వయస్సును పద్నాలుగుకు పెంచండి. ఉత్తర ప్రాంత ప్రభుత్వం 2023లో పన్నెండుకు పెంచింది. 2024లో ప్రభుత్వం మారింది, తిరిగి పదికి దించింది. గెలిచినది నిలుస్తుందన్న హామీ లేదని దీనివల్ల తెలుస్తుంది. అయినా వారు వదలలేదు. మరి మన దేశంలో ఆ వయస్సు ఎంతో తెలుసా? ఏడు. పాత శిక్షాస్మృతిలోనూ ఏడే, 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఏడే. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సమితి కనీసం పద్నాలుగు ఉండాలని 2019లో చెప్పింది. ఆ ఒడంబడికను మన దేశం 1992లోనే ఆమోదించింది. ఆస్ట్రేలియాను వేలెత్తి చూపేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

మన దేశంలోనూ ఈ పని మీద ప్రాణం పెట్టినవారు ఉన్నారు. జార్ఖండులో ఆదివాసీ యువకులు ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగా ఉండడాన్ని లెక్కలతో బయటపెట్టి కోర్టుకెక్కిన స్టాన్ స్వామి, చివరికి తానే విచారణ ఖైదీగా 2021 జులై 5న మరణించారు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన, న్యాయమూర్తుల సమక్షంలో రాసుకొచ్చిన ప్రసంగాన్ని పక్కనపెట్టి, చిన్న తగవులకు జైలు పాలై మరచిపోబడిన పేదల గురించి మాట్లాడారు. ఇంకా జైళ్లు కట్టాలనడం ఏమి అభివృద్ధి అని అడిగారు. ఆమె కొండబిడ్డ. ఆమెకు తెలుసు.

మనం చేయగలిగినది ఏమిటి? పెద్ద మాటలు చెప్పను, నాకు తెలిసిన గుమాస్తా పని చెబుతాను. రిమాండు రోజున వయస్సు అడగని చోట అడిగించాలి. ఇందుకు మండల న్యాయసేవల కమిటీలో పారాలీగల్ వాలంటీర్లుగా మన చదువుకున్న పిల్లలు పేర్లు ఇవ్వాలి. కువి, సవర మాట్లాడే యువకులను కూడా తమతో తీసుకువెళ్లాలి. ఎవరైనా పిల్లవాడు పట్టుబడ్డాడని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1098కి గాని, ఉచిత న్యాయసహాయానికి 15100కి గాని ఫోను చేయండి. మొదటి ఇరవై నాలుగు గంటలు పోతే ఏడాది పోతుంది. లారీ యజమానులకు నా మనవి ఒకటి. పద్దెనిమిది నిండనివాడిని క్లీనరుగా ఎక్కించకండి. సరుకు మీది, లాభం మీది, సంకెళ్లు మాత్రం వాడివి అయితే అది న్యాయం కాదు. ఇక్కడ కూర్చున్న ఇద్దరు ముగ్గురు యజమానులు నా వైపు కోపంగా చూస్తున్నారు. చూడండి, ఫరవాలేదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఉన్నాయి. కొండగ్రామాలకు అధికారులే వెళ్లి, కంది కోతలను, పోడు కొట్టిన ఏడును, ఆశా కార్యకర్త పుస్తకాన్ని ఆధారంగా తీసుకుని జననాలను నమోదు చేయాలి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడికైనా ఉద్యోగానికైనా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మార్చారు. అంటే కాగితం లేని బిడ్డ ఇక ముందు మరింత కష్టపడతాడు. పరిసర జైళ్లన్నిటిలో ఇరవై ఐదేళ్ల లోపు ఆదివాసీ ఖైదీల వయస్సును పాఠశాల రిజిస్టర్లతో సరిచూడాలి. మూట మోసిన బిడ్డను పెద్దవాడిగా విచారించే పద్ధతిని ఎత్తివేయాలి. దీనికి చట్టం మారాలి. చట్టం మారడానికి కాలం పడుతుంది. రిజిస్టరు వెదకడానికి మాత్రం రేపు ఉదయం చాలు.

పదవీ విరమణ తరువాత నేను ఆ తండ్రి ఊరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి క్షమాపణ చెప్పుకుందామని వెళ్లాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అతడు జొన్న అంబలి తెచ్చి ఇచ్చాడు. రెండోసారి ఒక నోటు పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఆ ఊరిలో జనన ధ్రువపత్రం లేని పిల్లలు పదిహేడు మంది లెక్కకు వచ్చారు. ప్రతి తల్లినీ ఏ పంటకాలంలో పుట్టాడో అడిగి రాసుకున్నాను. ఈసారి నవ్వలేదు. ఆ పదిహేడింటిలో నాలుగు పత్రాలు చేతికి వచ్చాయి. మిగిలిన పదమూడు దరఖాస్తులు ఇంకా తిరుగుతున్నాయి. ఏ కాగితం తక్కువైందో చెప్పే బల్ల అవతల ఇప్పుడు వేరొక గుమాస్తా ఉన్నాడు. బల్ల ఇవతల నేను నిలబడుతున్నాను. ఎండలో నిలబడితే ఆ బల్ల ఎంత ఎత్తుగా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ కుర్రవాడి కేసు ఇంకా తేలలేదు. మూడు నెలల్లో ముగియవలసిన ప్రాథమిక అంచనా వాయిదాల మీద సాగుతోంది. వాడు ఊళ్లోనే ఉన్నాడు, తండ్రితో జీడితోటకు పోతున్నాడు. పాత పరిచయస్థులు జైలు నుండి ఫోను చేయిస్తున్నారని, పని ఉందంటున్నారని తండ్రి భయపడుతున్నాడు. వచ్చే వాయిదాకు నేను వెళుతున్నాను. కువి తెలిసిన ఒక ఉపాధ్యాయుడు తోడు వస్తానన్నారు. మనవాళ్లలో వకీలు చదువు చదివినవారు ముగ్గురు ఈ సభలో ఉన్నారు. వారిలో ఎవరైనా వస్తే ఫజ్ర్ నమాజు తరువాత బస్టాండులో కలుసుకుందాం. మొదటి బస్సుకే బయలుదేరాలి, కోర్టు పిలుపు పదిన్నరకు.